చాలు అనాల్సిన మనిషి

రేవులోకి ఓడలు రావాలంటే అడుగున పేరుకుపోయే ఒండ్రుని ఏటా తోడి తీరాలి. తోడిన ఒండ్రుని ఇన్నేళ్లూ నడిసముద్రంలో పారబోసి చేతులు దులుపుకునేవాళ్లు. రేవుకి మూడు మైళ్ల దూరంలోనే, ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట, చిత్తడి నేల ఏటికేడాది కుంగిపోతోంది. గడ్డి చచ్చిపోయింది, పీతలు తగ్గిపోయాయి, ఒకప్పుడు పాదాలు ముంచుకుని నడిచినచోట ఇప్పుడు నడుము లోతు నీళ్లు. ఇక్కడ మట్టి ఎక్కువై ఏడుపు, అక్కడ మట్టి లేక ఏడుపు. రెండింటికీ మధ్య ఒక గొట్టం వేస్తే సరిపోతుందన్న సంగతి ఎవరికైనా తట్టేదే. తట్టడానికి ఒక్క పూట పట్టింది, ఒప్పుకోవడానికి మూడేళ్లు పట్టింది.

ఒప్పుకోవాల్సినవాళ్లు ముగ్గురు మరి. ఒండ్రు రేవువాళ్లది. నేల చిత్తడి నేలల ఆఫీసుది. ఆ నేల మీద పీతలు పట్టుకుని బతికే ఆడవాళ్ల సంఘానికి కాగితం మీద ఏ హక్కూ లేదు గానీ, వాళ్లు కాదంటే అక్కడ పార దిగదు. ఒకరి మొహం ఒకరు చూడని ఈ ముగ్గురూ ఒకే బల్ల చుట్టూ కూర్చునేలోపు ఎన్ని కప్పుల టీ చల్లారిపోయిందో చెప్పలేం. మొత్తానికి సంతకాలయ్యాయి. రేవు ఒండ్రు పంపాలి. ఆఫీసు గట్లు వేయించి ఏడు మడులు కట్టాలి. సంఘం ఆడవాళ్లు ఉప్పుగడ్డి నారు పెంచి ఆ మడుల్లో నాటాలి.

ఒప్పందంలో పదకొండో షరతు ఒక్క మనిషి గురించి రాసినది. మడిలో ఒండ్రు ఎంత పడిందో కొలకర్రల మీద చూసేవాడు ఒక్కడే ఉండాలి. అతను ‘చాలు’ అనేదాకా ఒండ్రు తోడే డ్రెడ్జర్‌ని ఆపకూడదు, అన్నాక ఒక్క నిమిషం కూడా పొయ్యకూడదు. ఇంతకుముందు ఇంకెక్కడో ఆపమని ఒకరూ పొయ్యమని ఒకరూ కీచులాడుకుని పనంతా బురదపాలు చేశారట, ఆ భయంతో రాసుకున్న షరతు ఇది. అలా ముగ్గురూ కలిసి తమ నోరు ఒక్కడి చేతిలో పెట్టారు. పెట్టింది ఎవరి చేతిలోనయ్యా అంటే, పుట్టి బుద్ధెరిగాక ఒక్కరితోనూ గట్టిగా నాలుగు మాటలు మాట్లాడి ఎరగని మనిషి చేతిలో.

అందరూ అతన్ని కర్రలాయన అంటారు. యాభై రెండేళ్లుంటాయి. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని అడిగే వయసు దాటిపోయింది, అడిగేవాళ్లకీ ఓపిక పోయింది. అన్నగారింట్లో, మేడ మీద గదిలో ఉంటాడు. అన్న చెడ్డవాడు కాదు. వదిన బంగారంలాంటి మనిషి, మరిది ఎంత ఆలస్యంగా వచ్చినా కంచంలో అన్నీ వడ్డించి మూత పెట్టి ఉంచుతుంది. అదే వచ్చింది చిక్కు. మూత తీసుకుని తినడమే తప్ప, ‘ఇంకొంచెం వెయ్యనా’ అని అడిగే సందర్భమే ఆ ఇంట్లో రాదు. అన్న టీవీ ముందు కూర్చుంటే వార్తలు చదివేవాళ్లతో వాదిస్తాడు గానీ పక్కనున్న తమ్ముడితో వాదించడు. అన్న కూతుళ్లిద్దరూ ఒకప్పుడు బాబాయి వీపెక్కి స్వారీ చేసినవాళ్లే. ఇప్పుడు ఎవరి గది తలుపు వాళ్లు వేసుకుంటారు. నెలంతటికీ వాళ్లు అతనితో ఆడిన పొడుగాటి మాట, “బాబాయ్, కాస్త జరుగు, అద్దం కనపడట్లేదు.”

ఇంట్లో అలా ఉంటే, గట్టు మీద ఇంకోలా ఉండేది. అక్కడ అతనికి ఒక రేకుల గది, ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకి తగిలించిన వైర్‌లెస్ సెట్టు ఉన్నాయి. పొద్దున ఆరున్నరకల్లా ఆ సెట్టు గొంతు సవరించుకునేది.

“అన్నయ్యా, వచ్చావా? ఏం తిన్నావ్?”

డ్రెడ్జర్ నడిపే ఆవిడ గొంతు అది. రేవు కాలవలో ఓడ మీద, మూడు మైళ్ల అవతల, గాజు గదిలో కూర్చుని పెద్ద కోరలాంటి యంత్రాన్ని నీళ్ల అడుగుకి దించి ఒండ్రుని పెకలిస్తుంది. అది నీళ్లతో కలిసి గొట్టంలో పరుగెత్తుకొచ్చి ఇతని ముందు మడిలో పడుతుంది. ఆమె పంపిస్తే ఇతను అందుకుంటాడు. తొమ్మిది నెలలుగా ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. చూడాల్సిన అవసరమూ రాలేదు. రోజుకి ముప్పై సార్లయినా మాట్లాడుకునేవాళ్లు.

సగం మాటలు పనివే. “అన్నయ్యా, ఇసుక తగిలింది, చూసుకో.” “సరే అమ్మా, గొట్టం రెండో వైపు తిప్పుతున్నా, ఒక్క క్షణం ఆగు.” మిగతా సగం ఆమె మాటలు. ఓడలో వంటవాడికి ఉప్పు చెయ్యి ఎక్కువని, మేస్త్రీ నిద్రలో పాడతాడని, తన ఊళ్లో అమ్మకి కళ్లల్లో పొరలొచ్చి కోడలిని కూతురనుకుంటోందని, అలా అనుకున్నందుకు కోడలు మురిసిపోతోందని. కర్రలాయన ‘ఊఁ’ కొట్టేవాడు. రెండో నెలకి ‘ఊఁ’ దాటి ‘అయ్యో’ దాకా వచ్చాడు. నాలుగో నెలలో ఒక రోజు తనే ఒక జోకు చెప్పాడు. అది అంత గొప్ప జోకేమీ కాదు, రేవు ఇంజనీరు గారు మడిలో దిగి ఒక బూటు అక్కడే వదిలేసి వెళ్లిన సంగతి. ఆమె నవ్వింది. మూడు మైళ్ల అవతల ఒక మనిషి తన మాటకి నవ్విందన్న సంగతి అతను ఇంటికెళ్లి మూత తీసి తింటూ కూడా తలుచుకున్నాడు.

పనిలో మాత్రం అతన్ని వేలెత్తి చూపడానికి లేదు. ప్రతి మడిలో ఇరవై నాలుగు కర్రలు, ప్రతి కర్రకీ ఒక ఎర్రగీత. నేల చివరికి ఆ గీత దగ్గర నిలవాలి. గీతకి దిగువన ఉంటే సముద్రపు పోటు నీళ్లలో గడ్డి మునిగి చస్తుంది, ఎగువన ఉంటే పోటు నీరు ఎక్కక ఎండి చస్తుంది. కిటుకంతా ఎక్కడంటే, కొత్తగా పడ్డ ఒండ్రు కుంగుతుంది. అందుకని గీతకి పైదాకా పోయించి ఆపాలి. ఎంత పైదాకా అన్నదానికి పుస్తకంలో లెక్కలేదు. అతను మడిలోకి దిగి పిడికెడు బురద తీసి పిండి, వేళ్ల సందుల్లోంచి ఎంత నీరు కారిందో, అరచేతిలో ఎంత గరుకు మిగిలిందో చూసేవాడు. గరుకు ఎక్కువుంటే బెత్తెడు, బంక ఎక్కువుంటే జానెడు. ఆరు మడులూ అలాగే పోయించాడు, ఆరూ నెల తిరిగేసరికి కర్రల మీద ఎర్రగీత పట్టుకుని నిలిచాయి. చిత్తడి ఆఫీసు పెద్దసారు వచ్చి యంత్రంతో కొలిచి, “నీ చెయ్యే నయమయ్యా” అని వెళ్లాడు.

ఏడో మడి శుక్రవారం మధ్యాహ్నానికి నిండింది.

నిండిందని అతనికి తెలుసు. ఇక్కడ తిరకాసేమీ లేదు. దిగి పిండి చూశాడు, బంకమన్ను. గీతకి జానెడు పైన ఉంది. సెట్టు దగ్గరికొచ్చి మీట నొక్కాడు.

“ఎంతదాకా వచ్చింది అన్నయ్యా?” అంది ఆమె. “నువ్వు చాలు అంటే గొట్టాలూడదీసే పని మేస్త్రీకి అప్పజెప్పి నేను ముందే బయల్దేరతాను. సోమవారం మా అమ్మకి కంటి ఆపరేషను. ఆదివారానికి ఇల్లు చేరితే చాలు. కట్టు కట్టేలోపు నా మొహం చూడాలని పట్టు పట్టి కూర్చుంది.”

చాలు అనడానికే నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి, “ఇంకొంచెం పడుతుందమ్మా” అని వచ్చింది.

అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు. ఒక్క గంటే కదా, గంటలో ఏం కొంప మునుగుతుంది, తర్వాత చెబుదాం అనుకున్నాడు. గంట గడిచింది. సాయంత్రమైంది. శనివారం పొద్దున ఆరున్నరకి సెట్టు పిలిచింది. ‘ఏం తిన్నావ్’ అని వినపడగానే, రేపట్నుంచి ఈ మాట ఉండదని తలచి, మళ్లీ ‘ఇంకొంచెం’ అన్నాడు. ఆదివారం ఆమె గొంతులో కొంచెం నీరసం వినిపించింది. అమ్మ సంగతి ఆమె మళ్లీ ఎత్తలేదు, ఇతనూ ఎత్తలేదు. సోమవారమూ అంతే. ఒండ్రు మడిలో పడుతూనే ఉంది. కర్రల మీద ఎర్రగీతలు ఎప్పుడో కనుమరుగయ్యాయి. మంగళవారం గట్టు బీటలిస్తుందేమోనన్న భయం పుట్టాక గానీ అతని నోటి వెంట ‘చాలు’ రాలేదు. అప్పటికి గీత మీద రెండు జానలు దాటింది. కుంగినన్నాళ్లు కుంగినా ఇంకో జానెడు మిగిలిపోతుంది. ఆ జానెడే గడ్డికి చావు.

బుధవారం నుంచి గొట్టాలు ఊడదీయడం మొదలైంది. రేవు వైపు నుంచి ఒక్కొక్క గొట్టమే ఎత్తుకుంటూ వస్తున్నారు. ఆమె పొద్దున పిలుస్తూనే ఉంది. అతను ఆ రోజు చెప్పొచ్చు, చెప్పలేదు. గురువారం చెప్పొచ్చు, ‘అన్నయ్యా’ అని వినగానే ‘తిన్నానమ్మా’ అని ఊరుకున్నాడు. తప్పు చేసినవాడి కంటే, చేసిన తప్పు ఒక మంచి మనిషి ముందు విప్పాల్సినవాడి అవస్థ పెద్దది. మొహం చెల్లక వాయిదా వేసుకుంటూ పోయాడు.

శుక్రవారం సాయంత్రం పీతలక్క వచ్చింది. సంఘానికి పెద్ద ఆమె. అరవై దాటినా బురదలో పాతికేళ్లదానిలా నడుస్తుంది. గట్టు మీద నిలబడి ఏడో మడి వంక చాలాసేపు చూసింది.

“ఎర్రగీత కనపడదేమయ్యా?”

“దిగుతుంది” అన్నాడు.

“ఎంత దిగుతుంది?”

“బంకమన్ను కదక్కా. టైము పడుతుంది.”

పీతలక్క చేతికర్రతో బురద పొడిచి చూసింది. తలాడించింది. “ఏమో, నా కంటికి ఎత్తుగా కనపడుతోంది. నువ్వన్నావంటే అంతే. నీకంటే మాకు తెలుసా?” అంది. “రేపు పొద్దున్నే నారు పీకిస్తున్నా. తొమ్మిది వేల దుబ్బులు. ఏడాది పెంచారు మా వాళ్లు, కన్నపిల్లల్లా చూసుకున్నారు. పీకాక రెండు రోజుల్లో నాటకపోతే వాడిపోతాయి, అందుకని అందరినీ రమ్మన్నాను.”

ఆమె వెళ్లిపోయాక అతను గదిలో కుర్చీలో కూలబడ్డాడు. నారు పీకితే ఏడో మడిలోనే నాటాలి, నాటితే చస్తుంది. తొమ్మిది వేల దుబ్బులు చచ్చాక ముగ్గురిలో మొదట గొంతెత్తేది రేవువాళ్లే. ‘చెప్పాం కదా, ఈ బురద వ్యవహారం మనకొద్దని’ అంటారు. మళ్లీ ఒండ్రంతా నడిసముద్రం పాలు. ఇదంతా అతని బుర్రకి అద్దంలో కనపడినట్టు కనపడింది. ఇంటికెళ్లాడు. అన్న టీవీ చూస్తున్నాడు.

“అన్నయ్యా, ఒక మాట.”

“ఆఁ, ఒక్క నిమిషం, వీడు చెప్పేది చూడు, ఎంత అబద్ధమో” అన్నాడు అన్న, తెర వంక చెయ్యి చూపిస్తూ.

ఒక్క నిమిషం పది నిమిషాలైంది. కర్రలాయన మేడ మెట్లెక్కి పైకెళ్లి పడుకున్నాడు.

శనివారం పొద్దున ఆరున్నరకంటే ముందే గట్టు మీద ఉన్నాడు. సెట్టు పిలిచింది.

“అన్నయ్యా, రేపు బయల్దేరుతున్నాం. నాలుగో మడి దాకా గొట్టాలన్నీ ఎత్తేశాం. నీకు చెప్పకుండా వెళ్లను లే.”

“ఒక మాట చెప్పాలమ్మా.”

“చెప్పు.”

“ఏడో మడి పోయిన వారం శుక్రవారమే నిండింది.”

సెట్టులో గరగర తప్ప ఏమీ వినపడలేదు. అప్పుడు గుర్తొచ్చింది అతనికి, ఇది ఇద్దరి మధ్య దారి కాదు. రేవు ఆఫీసులో ఒక సెట్టు ఉంది, చిత్తడి ఆఫీసులో ఒకటి ఉంది, నారుమడి దగ్గర పీతలక్క బుట్టలో ఒకటి ఉంది. అందరూ వింటారు. సెట్టు కట్టేద్దామా అనుకున్నాడు. కట్టెయ్యలేదు.

“కర్ర తప్పు చూశావా?” అంది ఆమె. నెమ్మదిగా అడిగింది. తప్పించుకోవడానికి దారి చూపిస్తోందని అతనికి అర్థమైంది.

“లేదు. సరిగ్గానే చూశాను.”

“మరి?”

“చాలు అంటే నువ్వు వెళ్లిపోతావు. నాతో మాట్లాడేది నువ్వొక్కదానివే. అందుకని అనలేదు.”

ఇంత పొడుగు మాట, ఇంత బట్టబయలు మాట, అతను జీవితంలో ఎప్పుడూ అనలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

“లెక్కకి మించి ఒండ్రు పంపానని నా మీటరు చూపిస్తూనే ఉంది” అంది ఆమె. “నాలుగు రోజులూ చూపించింది. మీటరు పాడైందని పుస్తకంలో రాశాను. నువ్వు కళ్లతో చూస్తున్నావు కదా, నీకంటే మీటరుకి తెలుసా అనుకున్నాను.”

అతను తలుపులోంచి ఏడో మడి వంక చూశాడు.

“సోమవారం మా అమ్మకి కట్టు కట్టేశారు. మా వదిన వెళ్లింది. నేను రాలేదని అమ్మ డాక్టరు గారిని అరగంట ఆపిందట.”

“నాకు చెప్పావు ఆ సంగతి.”

“చెప్పాను కదా.”

“చెప్పావమ్మా. విని కూడా చేశాను.”

“బుధవారం పొద్దున చెప్పినా సరిపోయేది” అంది. ఆమె గొంతు పనిగొంతు అయిపోయింది. “ఆ గొట్టాల్లోనే ఒట్టి నీళ్లు కొట్టి పైనున్నదంతా కడిగేసేదాన్ని. రెండు రోజుల పని. ఇప్పుడు గొట్టం లేదు.”

మీట వదిలిన చప్పుడు. తర్వాత ఇంకో గొంతు పలికింది, పీతలక్కది. అతనితో కాదు, నారుమడిలో ఉన్న తన వాళ్లతో అంటోంది. అయితే ఆమె వేలు సెట్టు మీట మీదే ఉంది. “ఎవరూ నారు మీద చెయ్యి పెట్టకండి. పీకినవాళ్లు ఎక్కడివక్కడ మళ్లీ పాతేయండి. ఇవాళ పని లేదు, ఇళ్లకి పదండి.”

సోమవారం రేవు ఆఫీసులో బల్ల చుట్టూ కూర్చోబెట్టారు అతన్ని. ఇంజనీరు మొహం కందగడ్డలా ఉంది. “ఏడు మడుల పని ఒక్క మనిషి నోటి మీద నడిపితే ఇలాగే తగలడుతుంది” అన్నాడు. ఆ షరతు రాసింది తనేనన్న సంగతి ఆయన మర్చిపోయినట్టున్నాడు. చిత్తడి ఆఫీసు పెద్దసారు కాగితం మీద కలం పెట్టి, “కారణం ఏమని రాయమంటావయ్యా?” అని అడిగాడు. కర్రలాయన తల దించుకున్నాడు. ఆ మాట ఇంకోసారి, ఇంతమంది ముందు, ఈ ట్యూబులైటు కింద అనడం అతని వల్ల కాలేదు.

“మేమందరం విన్నాం. మళ్లీ చెప్పించకండి” అంది పీతలక్క.

ఆ రోజే కర్రలు చూసే పని అతని చేతిలోంచి తీసేశారు. ఇకమీదట ‘చాలు’ అనడానికి ఇద్దరు ఉండాలని షరతు మార్చారు, ఒకరు ఆఫీసు మనిషి, ఒకరు సంఘం మనిషి. ఒప్పందం తెగలేదు. తప్పు దానంతట అదే బయటపడకముందే మనిషే ఒప్పుకున్నాడు కనుక, నారు దక్కింది కనుక, ఇంజనీరు నసుగుతూనే వచ్చే ఏటికి కూడా సంతకం పెట్టాడు. మిగిలింది ఏడో మడి. డ్రెడ్జర్ వెళ్లిపోయింది. ఇక ఉన్న దారి ఒకటే. మడిలోకి చేతులతో పాయలు తవ్వాలి, పోటు నీరు లోపలికి పాకేలా. పాయకి రెండు వైపులా ఎత్తు చెక్కి, ఆ మట్టి గట్టు అవతల పారబోయాలి. యంత్రం దింపితే దిగబడిపోతుంది.

“నేను తవ్వుతాను” అన్నాడు కర్రలాయన.

“ఒక్కడివే? ఎన్నాళ్లకి తెములుతుంది?” అన్నాడు పెద్దసారు.

“తెమిలినన్నాళ్లకి.”

పోటు నీళ్లు వెనక్కి తీసిన వేళల్లో మాత్రమే తవ్వగలిగేది. రోజుకి నాలుగు గంటలు, మహా అయితే ఐదు. ఒక్కోసారి సంఘం నుంచి ఇద్దరో ముగ్గురో ఆడవాళ్లు పారలు పట్టుకుని వచ్చేవాళ్లు. వాళ్లలో వాళ్లు కబుర్లాడుకుంటూ ఒక చివర తవ్వుకునేవాళ్లు. ఇతను రెండో చివర. కోపంతో కాదు, అతనితో ఏం మాట్లాడాలో తెలియక వాళ్లూ ఊరుకున్నారు, అతనూ ఊరుకున్నాడు. రేకుల గదిలో సెట్టుని కర్రలు చూసే కొత్తవాళ్లు తీసుకుపోయారు. గోడ మీద అది తగిలించిన చోట తెల్లటి చదరం మిగిలింది. అతను గదిలోకి వెళ్లడం మానేసి, గట్టు మీదే కూర్చుని డబ్బా విప్పుకునేవాడు.

మూడో వారంలో ఒక రాత్రి భోజనాల దగ్గర అన్న అతని చేతులు చూశాడు. బొబ్బలు చితికి, మళ్లీ ఎక్కి ఉన్నాయి. “ఏమిట్రా ఆ చేతులు?” అని టీవీ కట్టేశాడు. ఆ ఇంట్లో ఆ వేళప్పుడు టీవీ కట్టెయ్యడం అదే మొదలు. వదిన వంటగదిలోంచి వచ్చి నిలబడింది. కర్రలాయన మొదట్నుంచీ చెప్పుకొచ్చాడు. శుక్రవారం సంగతి, సోమవారం సంగతి, సెట్టులో అన్న మాట కూడా దాచకుండా చెప్పాడు.

అన్న కంచం పక్కకి జరిపాడు. “ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం కదరా” అన్నాడు.

“ఉన్నారన్నయ్యా” అన్నాడు తమ్ముడు.

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నారు కనుక ఉన్నారన్నాడు. వదిన కొంగుతో మొహం తుడుచుకుని, అతని కంచంలో ఇంకొంచెం కూర వేసింది. ఆ తర్వాత రెండు మూడు రోజులు అన్న అతన్ని పిలిచి ఏదో ఒకటి అడిగాడు. తవ్వకం ఎంతదాకా వచ్చింది, వాన పడితే ఏం చేస్తారు. జవాబు వింటూ పాపం శ్రద్ధగా తలాడించేవాడు. అలవాటు లేని పని కదా, ఇద్దరికీ చెమటలు పట్టేవి. నాలుగో రోజు టీవీలో ఏదో పెద్ద వార్త వచ్చింది.

నలభై ఆరు రోజులు తవ్వాడు. మధ్యలో నుంచి ఒక పెద్ద పాయ, దానికి అటు నాలుగు ఇటు మూడు పిల్లపాయలు. కుంగాల్సిన బురద కుంగింది, ఎండాల్సింది ఎండి పారకి లొంగనంత గట్టిపడింది. దూరపు మూలకి వెళ్లేసరికి పార కాదు, గునపం కూడా దిగలేదు. అక్కడ ఆపేశాడు. ఈసారి చాలు అని ఎవరూ చెప్పలేదు, ఎవరినీ అడగనూ లేదు. పీతలక్క వచ్చి చూసి, పాయల వెంబడి ఎంతమేర తడి పడుతుందో అంచనా కట్టి, అంతవరకే నారు నాటించింది. తొమ్మిది వేల దుబ్బుల్లో ఆరు వేలు పట్టాయి. మిగతావి వచ్చే ఏటి మడి కోసం నారుమడిలోనే ఉంచారు.

ఆ నెల పౌర్ణమి పోటు మధ్యాహ్నం పూట వచ్చింది. ఏడాదిలో పెద్ద పోట్లలో అదొకటి. అది ఎక్కినంత దూరమే ఆ మడికి బతుకు. చూద్దామని పీతలక్క వచ్చింది, అతను అప్పటికే గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఇద్దరికీ మధ్య ఆమె బుట్ట.

నీళ్లు మొదట పెద్ద పాయ నోట్లో మెరిశాయి. తొందరేమీ లేనట్టు లోపలికి నడిచాయి. మొదటి పిల్లపాయలోకి తిరిగాయి, రెండో దానిలోకి తిరిగాయి. ఒడ్లు దాటి దుబ్బుల మొదళ్ల మధ్యకి పల్చగా పరుచుకున్నాయి. ఎక్కడిదో ఒక పీత పిల్ల, గోరంత ఉంటుందేమో, అడ్డంగా పరుగెత్తి బురదలోకి దూరింది. పీతలక్క దాన్ని చూసి ఏదో గొణుక్కుంది. నీళ్లు నాలుగో పాయ దాటాయి. దూరపు మూలకేసి ఇంకో పది బారలు పాకాయి. అక్కడ ఆగాయి.

ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. ఇంకొంచెం వస్తుందేమోనని అతను ముందుకి వంగాడు. రాలేదు. కాసేపటికి నీటి అంచు మీద నురుగు గీతలా మిగిలి, నీరు వెనక్కి లాగడం మొదలైంది. మడిలో మూడో వంతు పొడిగా, బూడిదరంగులో, చెక్కు కట్టి పడి ఉంది. ఆరు మడులు పచ్చగా, ఏడో మడిలో రెండు వంతులు పచ్చగా, చివర ఆ బోడి మూల. గట్టు మీద నడిచే ఎవరి కంటికైనా అది పడుతుంది. ఇప్పుడే కాదు, అతను పోయాక కూడా పడుతుంది. అతనికి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. పీతలక్క చూడనట్టు అటు తిరగలేదు, ఓదార్చనూ లేదు, పక్కన కూర్చుంది.

“వచ్చే ఏడాది ఇంకో నాలుగు ఊళ్ల వాళ్లు చూడ్డానికొస్తారట, వాళ్లకీ ఇలాంటి పని మొదలెట్టాలని ఉందట” అంది. “అందరినీ తిప్పి చూపించాల్సింది నేనే. ఆ మూల అలా ఎందుకుందని అడుగుతారు. ఏం చెప్పమంటావు? మన్ను మంచిది కాదని చెప్పనా?”

“మన్ను మంచిదే.”

“కర్ర తప్పు చూశాడని చెప్పేదా?”

అతను కళ్లు తుడుచుకున్నాడు. “వద్దక్కా. మాట్లాడే మనిషి లేక ఎక్కువ పోయించాడని చెప్పు.”

నవ్వుతుందనుకున్నాడు. పీతలక్క నవ్వలేదు. ఆ బోడి మూల వంక ఇంకోసారి చూసి, బుట్ట చంకనేసుకుని లేచింది.

“అదే చెప్తాలే” అంది.